ముదీర్‌గారి చేప

మొన్న జగిత్యాల నుంచి, ఒకప్పుడు దుబాయ్‌లో నాతో పనిచేసిన మల్లేశం నా ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. బూడిదరంగు సముద్రం, మందపాటి కోట్లు తొడుక్కున్న తెల్లవాళ్ళు, పడవ పక్కన నీళ్ళలో దూడంత చేప. డెన్మార్కుకీ స్వీడన్‌కీ మధ్యనున్న సముద్రంలో ఏళ్ళ తరబడి కనబడకుండా పోయిన ట్యూనాలు మళ్ళీ వస్తున్నాయట. వీళ్ళు వాటిని గాలంతో పట్టి, వీపుకి ఒక గుర్తు తగిలించి, తిరిగి నీళ్ళలో వదిలేస్తున్నారు. వీడియో కింద మల్లేశం గొంతు: "సార్, మన ముదీర్ సాబ్ చేపలు వాపసొచ్చినయట. ఆయన ఉంటే ఎంత ఖుషీ అయితుండెనో."

ముదీర్‌గారు పోయి చాలాకాలమైంది. ఆ సంగతి తెలిసి కూడా నా వేలు ఫోన్‌లో ఆయన నంబరు వెతికింది. దొరికితే ఏం చెప్పేవాణ్ణో కూడా తెలుసు. "వచ్చాయండీ" అనేవాణ్ణి. ఆ ఒక్క మాట చాలు, మిగతాది ఆయనే మాట్లాడేవారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. మా కంపెనీ దుబాయ్‌లో డేరా అనే పేటలో, అబ్రా పడవలు ఆగే రేవుకి దగ్గర్లో ఉండేది. పడవల ఇంజన్లు, తాళ్ళు, లంగర్లు, గాలాలు అమ్మేవాళ్ళం. గోడౌను అల్ ఖూజ్‌లో. కఫీల్‌గా, అంటే మా వీసాలకి స్పాన్సరుగా ఉన్న అరబ్బు పెద్దాయన ఏడాదికోసారి వచ్చి, అందరి క్షేమం అడిగి, ఖర్జూరాలు పంచి వెళ్ళిపోయేవాడు. మిగతా కాలమంతా మా ముదీర్‌గారిదే రాజ్యం. బందరు మనిషి, మెరైన్ ఇంజనీరు. పొట్టి, బట్టతల, ఎండకి కమిలి కమిలి చింతపండు రంగుకి వచ్చిన మొహం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దారం ముక్క ఉండేది. మాట్లాడుతున్నంతసేపూ దానితో ఏవో ముడులు వేసి, మాట అయిపోయేసరికి విప్పేసేవారు. జీతం పెంచమని అడగడానికి వెళ్ళినవాళ్ళం ఆ ముడులకేసి చూస్తూ ఉండిపోయి, వచ్చిన పని మరిచిపోయి, "సరేనండీ" అని బయటికొచ్చేవాళ్ళం.

2002లో నేను ఆయన ఎదురుగా ఇంటర్వ్యూకి కూర్చున్నాను. డెబిట్లూ క్రెడిట్లూ అడుగుతారని రాత్రంతా చదువుకుని వెళ్ళాను. ఆయన నా కాగితాల వంక చూడనే లేదు.

"ఏ ఊరోయ్ మీది?"

"కాకినాడండీ."

దారం జేబులో పెట్టేశారు. "అయితే సముద్రం అలవాటే అన్నమాట."

"సముద్రం పక్కనే పుట్టానండీ" అన్నాను, గొంతులో కాస్త గర్వం పలికించి.

ఇందులో అబద్ధమేమీ లేదు. భానుగుడి సెంటర్ వెనక సందులో పుట్టాను. ఆదివారం సాయంత్రం బీచికెళ్ళి మిరపకాయ బజ్జీ తినడం, కెరటం వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి పరిగెత్తడం, ఇదీ నాకూ సముద్రానికీ ఉన్న పరిచయం. మా ఇంట్లో కోడిగుడ్డు అనే మాట కూడా గొంతు తగ్గించి అనేవారు. ఈత రాదు. గోదావరి మీద లాంచీ ఎక్కితేనే కడుపులో తిప్పేది. ఇవేవీ ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి గురువారం సాయంత్రం ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చారు. "రేపు తెల్లవారకముందే బిల్డింగు కింద నిలబడు. నీ ఒంటికి సరిపడా లైఫ్ జాకెట్ తీయించాను" అన్నారు. నేను ఏదో కంపెనీ డ్రిల్లు అనుకున్నాను. తీరా చూస్తే ఆయనకి ప్రతి శుక్రవారం ఫుజైరా వైపు సముద్రంలోకి వెళ్ళి పెద్ద చేపల కోసం గాలం లాగే అలవాటుంది. కొత్త ఇంజన్లని ట్రయల్ చూసే మిషతో కంపెనీ పడవనే తీసుకెళ్ళేవారు. దానికి మనిషి కావాలి. ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు ఉండేవాడు. చేపల పులుసంటే ప్రాణం, కృష్ణకి అడ్డంగా ఈదినవాడు, ఎప్పుడెప్పుడు పిలుస్తారా అని కాచుకుని ఉన్నవాడు. వాళ్ళ ఊళ్ళో సముద్రం లేదని ఆయన వాణ్ణి లెక్కలోకే తీసుకోలేదు. అకౌంటెంటు పోస్టుకి వచ్చిన నలుగురిలో నన్ను ఎందుకు ఏరుకున్నారో నాకు ఆ శుక్రవారం, పడవ అంచుకి వేలాడుతూ, నిన్న తిన్నది కూడా సముద్రానికి సమర్పించుకుంటున్నప్పుడు అర్థమైంది.

పడవ నడిపేది మల్లేశం. వారమంతా అల్ ఖూజ్ గోడౌనులో పికప్ డ్రైవరు. దుబాయ్ వచ్చేదాకా సముద్రమే చూడనివాడు. "స్టీరింగ్ ఏదైనా స్టీరింగే సార్. గిక్కడ సిగ్నల్ లేదు, కెమెరా లేదు, మాఫీ ముష్కిల్, ఏం పరేషానీ లేదు" అనేవాడు. పడవ ఎంత ఊగినా వాడు ఒక చేత్తో చక్రం పట్టుకుని, ఇంకో చేత్తో పరోటా తినేవాడు. ఆ వాసనకి నేను మళ్ళీ అంచు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి.

"మొదట్లో అందరికీ ఇంతేనోయ్. రెండు ట్రిప్పులు అయితే సర్దుకుంటుంది" అన్నారు ముదీర్‌గారు. ఐదేళ్ళు వెళ్ళాను. సర్దుకోలేదు.

ఆయన కథ ఒకటుంది. దాన్ని వినకుండా మా కంపెనీలో వీసా కూడా స్టాంపు అయ్యేది కాదేమో. ఇరవై రెండేళ్ళప్పుడు డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీలో ట్రైనింగు కోసం ఆయన కోపెన్‌హాగన్ వెళ్ళారట. ఆ రోజుల్లో చలికాలం ముందర ఆ సముద్రంలోకి హెరింగ్ చేపలు లక్షలుగా వచ్చేవి. వాటిని తరుముకుంటూ ట్యూనాలు. మన కోస్తాలో వీటిని సూరలంటారని కూడా ఆయనే నాకు చెప్పారు, కాకినాడ వాణ్ణి అయ్యుండి ఆమాత్రం తెలియదా అన్నట్టు చూస్తూ.

"ఊరు కనబడుతూ ఉండేదోయ్. చర్చి గంట వినబడేది. అంత దగ్గర్లో నీళ్ళు ఎసరు మరిగినట్టు మరిగేవి. ఇంగ్లాండులో అయితే యుద్ధానికి ముందు పెద్దపెద్ద దొరలు, దొరసానులు సొంత ఓడల్లో వచ్చి, వాటిలోంచి చిన్న పడవల్లోకి దిగి, కర్రా దారంతో వాటిని పట్టేవాళ్ళు. ఆ చలి నీళ్ళలో ఈ వేడి రక్తపు చేప! అన్ని చేపల్లా అనుకున్నావా?"

"ఎంత ఉండేదండీ?" అని ఎవరో ఒకరు అడగాలి. అడిగే వంతు ఎప్పుడూ నాదే. అందరిలా చేతులు చాపి చూపించడం ఆయనకి నామోషీ. కుర్చీలోంచి లేచి, టేబుల్ దగ్గర మొదలుపెట్టి, నడిచి, ఒకచోట ఆగి, "ఇక్కడికి తోక" అనేవారు. నేను చేరినప్పుడు తోక ఫైళ్ళ బీరువా దగ్గర ఉండేది. రెండు మూడేళ్ళలో తలుపు దాకా వచ్చింది. ఆ తరవాత ఒకసారి ఏకంగా లిఫ్టు దగ్గరికి వెళ్ళి ఆగారు, మేమంతా గడియారం చూసుకుని ఆయన కోసం కారిడార్‌లోకి వెళ్ళాం.

కానీ కథలో మారని భాగం ఒకటుంది. ఆయన అద్దెకున్న ఇంటి యజమాని, ఒక ముసలి డేన్, అంటే డెన్మార్కు దేశస్థుడు, తన చిన్న పడవలో ఈయన్ని తీసుకెళ్ళాడు. ఈయన గాలానికి పెద్ద సూర పడింది. పొద్దెక్కేదాకా లాగారు. చివర్లో చేప ఒక్కసారి కిందికి గుంజేసరికి, ఈ బక్క కుర్రాడు ఎక్కడ నీళ్ళలో పడతాడోనని ముసలాయన ఒక్క క్షణం గాలం కర్ర పట్టుకున్నాడు. అంతే, మళ్ళీ వదిలేశాడు. చేప పైకొచ్చింది. ఒడ్డున కాటాకి వేలాడదీశారు. ఊరంతా మూగింది. అప్పుడు అక్కడి క్లబ్బు వాళ్ళు అడిగే ప్రశ్న అడిగారు: కర్రని ఇంకెవరైనా ముట్టుకున్నారా? ఆ ఆటలో రూలు అది. చేపని గాలానికి పట్టినవాడే చివరిదాకా లాగాలి. ఇంకొకరి వేలు తగిలినా చేప లెక్కలోకి రాదు.

"ముసలాడు టోపీ తీసి, నేను పట్టుకున్నాను అన్నాడోయ్" అనేవారు ముదీర్‌గారు. "చెప్పకపోతే ఏం పోయేది వాడి సొమ్ము?" మరుక్షణంలోనే దారం వేళ్ళకి చుట్టుకుంటూ, "చెప్పాల్సిందేలే. రూలు రూలే" అనేవారు. ఈ రెండు మాటలూ ఎప్పుడూ కలిసే వచ్చేవి. మొదటిదానిలో నలభై ఏళ్ళ కోపం ఉండేది. రెండోదానిలో ఇంకా ఎక్కువ కోపం ఉండేది.

మరుసటేడు ఆ కాలం అంతా ఆయన పడవలోనే కూర్చున్నారు. గాలానికి ఒక్కటీ పడలేదు. ట్రైనింగు అయిపోయింది, ఓడలెక్కారు. ఆ తరవాత కొన్నాళ్ళకి ఆ సముద్రంలోకి సూరలు రావడమే మానేశాయి. "హెరింగులన్నీ వలలేసి ఊడ్చేశారు. విస్తరి తీసేశాక బంతికి ఎవరొస్తారు?" అనేవారు. మా షాపుకి ఉత్తరాది యూరప్ వాళ్ళు ఎవరొచ్చినా, డేనో నార్వే వాడో ఇంగ్లీషు వాడో, ఇంజను ధర మాట్లాడేముందు ఆయన అడిగేది ఒకటే: "వచ్చాయా?" అలిగి వెళ్ళిపోయిన చుట్టాల గురించి అడుగుతున్నట్టుండేది. వచ్చినవాడు బిత్తరపోయి "ఎవరు?" అనేవాడు. "ట్యూనాలు" అంటే నవ్వేవాడు. మా దేశంలో ట్యూనా డబ్బాలో తప్ప ఎక్కడుంది అనేవాడు. ఒక్కసారి మాత్రం ఒక డేన్, వాళ్ళ తాత ఆ చేపల గురించి చెప్పేవాడని అన్నాడు. ముదీర్‌గారు వాడికి టీ, సమోసాలు తెప్పించి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మధ్యాహ్నం దాకా వదల్లేదు. వాడు కొనడానికొచ్చింది రెండు బోల్టులు.

ఆయనకి కావలసింది ఒక్కటే. ఒక పెద్ద సూర, ఇంకొకరి చెయ్యి తగలకుండా, తన చేతుల మీదుగా. ఫుజైరా సముద్రంలో తిరిగే సూర వేరే జాతి. దాని రెక్కలు పసుపు. ఆయన డెన్మార్కు చేపకి పినతల్లి కొడుకు వరస. అయినా సూర సూరే. చిన్నవి బోలెడు పట్టారు. పెద్దవి మాత్రం కలిసి రాలేదు. ఒకటి దారం తెంపుకుపోయింది. ఇంకొకటి పడవ పక్కకి వచ్చేసరికి తలకాయే మిగిలింది, వెనక భాగం షార్కు పట్టుకుపోయింది. ఆ తలకాయని చాలాసేపు చూసి, "ఇది అసలు లెక్కలోకే రాదు" అని నీళ్ళలో వేసేశారు.

ఆ రూలు ఆయన బతుకంతా పాకింది. ఎవడు మొదలుపెట్టిన పని వాడే ముగించాలి. నేను లెక్క తేలక జుట్టు పీక్కుంటుంటే పక్కవాడు తొంగిచూసి తప్పు చూపిస్తే, "చెయ్యి పెట్టావా? ఖలాస్. మళ్ళీ మొదట్నించి చెయ్యి" అనేవారు. ఒకసారి మసాఫీ రోడ్డు మీద మధ్యాహ్నం ఎండలో ఆయన కారు టైరు పంక్చరయింది. మల్లేశం జాకీ అందుకోబోతే కసిరారు. మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడి, అరవై దాటిన మనిషి చెమటలు కారుస్తూ ఒక్కడే టైరు మార్చడం చూశాం. దారిన పోయే పఠాన్ ఒకడు ట్రక్కు ఆపి దిగి, మా ఇద్దర్నీ హిందీలో నోటికొచ్చినట్టు తిట్టాడు. సంగతి వివరిద్దామని నోరు తెరిచాను. డెన్మార్కు సముద్రంలో చేపలు పట్టే రూలు నాకొచ్చిన హిందీలో ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియక మూసేశాను.

వాళ్ళావిడ, మేం అమ్మగారూ అని పిలిచే ఆవిడ, ఇంకొంచెం చెప్పేది. "మా పెళ్ళిలో మూడో ముడికి మా ఆడపడుచు సాయం పట్టబోతే ఆవిడ చెయ్యి తోసేశారు బాబూ. అప్పుడు నేనంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాను. తరవాత తెలిసింది, చేప గోల అని."

ఫుజైరా దగ్గర మేం పడవ కట్టే చోట ఒక చిన్న బోటు క్లబ్బు ఉండేది. పెద్ద చేప పడితే అక్కడ తూచి, గోడ మీద బోర్డు పైన పట్టినవాడి పేరు రాసేవాళ్ళు. అక్కడ గుమాస్తా ఒక మలయాళీ. ఆయనకి మా ముదీర్‌గారి మాట వేదం. ఒక తెల్లవాడు పట్టిన చేపకి వాడి స్నేహితుడు కర్ర పట్టుకోవడం చూసి, అందరి ముందూ ఆ సంగతి చెప్పి పేరు చెరిపించిన ఘనుడు ఈయన. ఆ తరవాత తగువేదైనా వస్తే, "మీరు చెప్పండి సార్, రాసేస్తాను" అని గుమాస్తా ఈయన వైపే తిరిగేవాడు.

2007లో ముదీర్‌గారికి గుండె దగ్గర ఏదో స్ప్రింగు వేశారు. వయసు అరవై అయిదు దాటింది, వీసా ఇక పొడిగించరన్నారు. సామాను సర్దుకుంటున్నారు. చివరిసారి ఒక్క శుక్రవారం సముద్రంలోకి వెళ్ళడానికి అమ్మగారు ఒప్పుకుంది. పులిహోర డబ్బా, మాత్రల డబ్బా రెండూ నా చేతికిచ్చి, "పదకొండింటికి మాత్ర వేసుకునేలా చూడు బాబూ. ఆయన వేసుకోకపోతే నిన్నే అడుగుతాను" అంది.

ఆ రోజు ముదీర్‌గారు ఎప్పటిలా మాట్లాడలేదు. దారంతో ముడులు కూడా వెయ్యలేదు. పడవ వెనక రెండు గాలాలు వదిలి, దారం చుట్టే రీళ్ళతో సహా వాటి కర్రల్ని అంచు మీది గూళ్ళలో గుచ్చి, కుర్చీ పక్కన నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. పెద్ద చేప పడితే కూర్చుని లాగడానికి గుండ్రంగా తిరిగే కుర్చీ అది, డెక్కుకి బిగించి ఉంటుంది. చేప ఎటు వెళితే అటు ఆ కుర్చీని వెనకనుంచి ఒకరు తిప్పాలి. ఐదేళ్ళుగా నా డ్యూటీ అదే. తిప్పడానికి ఎప్పుడూ పెద్దగా పని పడలేదు, నేను వాంతి చేసుకోవడానికి ఆనుకునేందుకు మాత్రం బాగా పనికొచ్చేది.

పదకొండయింది. నేను మాత్ర గుర్తు చేశాను. ఆయన విసుక్కుని కేబిన్‌లోకి వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగారు. "రీలు మోగితే నన్ను పిలు. చెయ్యి మాత్రం పెట్టకు."

చెయ్యి పెట్టాలని నాకెందుకుంటుంది? ఆయన అటు వెళ్ళగానే ఒక పెద్ద అల వచ్చింది. కడుపు నోట్లోకొచ్చింది. పడవ వెనక అంచు దగ్గరికి పరిగెత్తి, పడిపోకుండా చేతికి అందినది పట్టుకుని వంగాను. సిటీ బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అది గాలం కర్ర. ఆ క్షణంలోనే రీలు కీచుమని అరిచింది. నేను భయపడి వెనక్కి పడ్డాను, కర్ర కూడా గూటిలోంచి ఊడి నాతోపాటు వచ్చేసింది. దారం దూరంగా నీళ్ళని చీల్చుకుంటూ పోతోంది. ఎవరో నా భుజాలు ఊడబెరుకుతున్నట్టుంది.

ముదీర్‌గారు బయటికొచ్చారు. నాలిక మీద మాత్ర ఇంకా కరగలేదు. నన్ను చూశారు, దారాన్ని చూశారు, ఆ దారం పోతున్న వేగాన్ని చూశారు. ఆయన మొహం ఒక్కసారి చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది.

"సార్, తీసుకోండి! ఇదిగోండి, మీదే!" అని అరిచాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. "నీది. కూర్చో."

"సార్, నాకెందుకండీ? నేను పప్పన్నం తినేవాణ్ణి!"

మల్లేశం చక్రం దగ్గర్నుంచి అరిచాడు. "మీరే పట్టుకోండి సార్! గీ దరియాల ఎవలు చూస్తుండ్రు?"

"నేను చూస్తున్నానుగా" అన్నారు ముదీర్‌గారు. నన్ను కుర్చీలో కూలేసి, నడుముకి పట్టీ వేసి, దాని కొక్కేలు రీలుకి తగిలించారు. ఆ పట్టీ బిగించేటప్పుడు ఆయన వేళ్ళు కర్రకి తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డారో నేను చూశాను. తరవాత వెళ్ళి కుర్చీ వెనక నిలబడ్డారు, నేను నిలబడే చోట.

ఆ తరవాత ఎంతసేపయిందో నాకు తెలియదు. "కర్ర పైకెత్తు. ఇప్పుడు దించుతూ చుట్టు. వద్దు, అది పోతుంటే పోనీ. ఏడవకు. చుట్టు." ఆయన గొంతు నా చెవి పక్కనే ఉంది. నేను అన్ని దేవుళ్ళకీ మొక్కాను. చేప పడాలని కాదు, తెంపుకుని పోవాలని. అది పోలేదు. నాలాంటి వాడి చేతిలో పడ్డందుకు దానికీ పట్టుదల వచ్చినట్టుంది. కుర్చీ అటు తిరుగుతోంది, ఇటు తిరుగుతోంది. మధ్యలో ఒకసారి వాంతి చేసుకున్నాను. "చుట్టడం ఆపకు" అన్నారు.

పడవకి దగ్గరగా వచ్చాక అది ఒక్క గుంజు గుంజి కిందికి దిగింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. మోకాళ్ళు పడవ అంచుకి కొట్టుకున్నాయి, నడుము పట్టీ నన్ను రీలుతో సహా నీళ్ళ మీదికి వంచేసింది. ఈత రాదని అప్పుడు గుర్తొచ్చింది.

వెనకనుంచి రెండు చేతులు వచ్చి కర్రని పట్టుకున్నాయి. ఆయన ఛాతీ నా వీపుకి అదుముకుంది. ఇద్దరం కలిసి వెనక్కి, కుర్చీలోకి పడ్డాం.

పడ్డాక కూడా ఆ చేతులు కర్ర మీదే ఉన్నాయి. ఆయన వాటికేసి చూసుకున్నారు, ఎవరి చేతులో అన్నట్టు. తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. కర్రలోంచి వస్తున్న ఆ బరువు, ఆ కొట్టుకోవడం ఆయన అరచేతుల్లోకి వెళుతూ ఉంది. నేనూ ఆయనా కలిసి కొంతసేపు చుట్టాం. ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది.

"పాపం, ఆ ముసలాయన" అన్నారు మెల్లిగా. "నలభై ఏళ్ళు తిట్టుకున్నానోయ్. మనిషి పోతుంటే పట్టుకోక ఏం చేస్తాడు?"

నేను రీలు చుట్టుతూనే ఉన్నాను. కాసేపటికి ఆయన చేతులు తీసేసి, లేచి, మళ్ళీ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. చేప పైకి తేలింది. వీపు నల్లటి నీలం, రెక్కలు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. మల్లేశం కొక్కెం వేసి లాగుతూ, "అరే బాప్రే, గొర్రెంత ఉన్నది సార్!" అన్నాడు. నాకు దాన్ని చూస్తే జాలేసింది, దానికంటే ఎక్కువ నా మీద నాకు జాలేసింది. ముదీర్‌గారు దాని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి, పడవ ఒడ్డుకి వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

బోటు క్లబ్బు దగ్గర చేపని తూకానికి వేలాడదీశారు. నలుగురూ మూగారు. ముదీర్‌గారు తెచ్చారనగానే చప్పట్లు కొట్టబోయారు. ఆయన పక్కకి తప్పుకుని నన్ను ముందుకి తోశారు. నా చొక్కా నిండా వాంతి, మోకాళ్ళ మీద రక్తం, ఒక చెప్పు లేదు. చప్పట్లు కొట్టబోయిన చేతులు కాస్త ఆగాయి.

నేను దారిలోనే నిశ్చయించుకున్నాను. చేప ముదీర్‌గారిదని చెప్పేద్దామని. నేను పట్టుకున్నదంతా కమ్మీ అనుకుని పట్టుకున్నదేగా. అది వెనక్కి తిరిగి రాని శుక్రవారం. ఇంకో నెలలో ఆయన హైదరాబాదులో ఏదో ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని రోడ్డు చూస్తుంటారు. ఆ బోర్డు మీద ఆయన పేరు ఒక్కసారి చూడాలని నాకు నిజంగా ఉంది. నా జీవితంలో ఏ ప్రమోషన్ కోసమూ అంత ఆశపడలేదు.

గుమాస్తా పెన్ను తీసి, నా వైపు కాదు, అలవాటు ప్రకారం ఆయన వైపు తిరిగాడు. "సార్, కర్ర ఎవరైనా ముట్టుకున్నారా?"

"అసలు ఈ చేప సార్..." అని నేను మొదలుపెట్టాను.

ముదీర్‌గారు నా కాలు తొక్కారు. చెప్పు లేని కాలే తొక్కారు.

ఆయన సూటిగా గుమాస్తా కళ్ళలోకి చూశారు. తన మాట మీద ఎవరి పేరైనా ఎక్కించే, ఎవరి పేరైనా చెరిపించే మనిషి. నాకు తెలిసిన ఐదేళ్ళలో ఒక్క అబద్ధం ఆడని మనిషి.

"ఎవరూ ముట్టుకోలేదు. ఇతనొక్కడే లాగాడు. నేను కుర్చీ తిప్పాను, అంతే" అన్నారు.

గుమాస్తా రాసుకున్నాడు. అప్పుడు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీశారు. ఆయన పక్కకి వెళ్ళి, జేబులోంచి రుమాలు తీసి తన రెండు అరచేతులూ నెమ్మదిగా తుడుచుకుంటున్నారు. నేను అటే చూస్తూ నిలబడ్డాను. అంత ప్రేమ నా మీద ఎవరైనా చూపించగలరని అప్పటిదాకా నాకు తెలియదు. కళ్ళ నిండా నీళ్ళొచ్చేశాయి.

మల్లేశం దగ్గరికొచ్చి నా మొహంలోకి చూశాడు. "ఇంకా వాంతొస్తున్నదా సార్?"

అవునన్నాను.